సికింద్రాబాదులో దోమను కోసి చూసిన డాక్టరు – సర్ రొనాల్డ్ రాస్



ఈసారి గోడపత్రికలో నేను రొనాల్డ్ రాస్ అనే డాక్టరు జీవిత చరిత్ర రాస్తున్నాను. ఆయన తెల్లదొర. కానీ ఆయన చేసిన పెద్ద పని లండనులో జరగలేదు. మన తెలుగువాళ్ళ మధ్యన, సికింద్రాబాదులో జరిగింది. చలిజరం అంటే మలేరియా కదా, ఆ మలేరియా క్రిమి దోమ కడుపులో పెరగడం మొదట చూసింది ఆయనే. ఈ కథలో మూడు రకాల దోమలు వస్తాయి. మూడింటినీ గుర్తు పెట్టుకోండి. ఎందుకంటే ఆయన పనికిరావని పక్కన పెట్టిన రెండు దోమలే ఇప్పుడు మనకు డెంగ్యూ, చికున్ గున్యా, మెదడువాపు తెస్తున్నాయి.

రొనాల్డ్ రాస్ 1857వ సంవత్సరం మే 13న హిమాలయాల దగ్గర అల్మోరా అనే ఊరిలో జన్మించాడు. ఆ ఊరు ఇప్పుడు ఉత్తరాఖండ్ రాష్ట్రంలో ఉంది. ఆయన పుట్టడానికి మూడు రోజుల ముందే మీరట్‌లో సిపాయిలు తిరగబడినారు. తండ్రి క్యాంప్‌బెల్ రాస్ ఆంగ్లేయుల సైన్యంలో అధికారి, తల్లి పేరు మటిల్డా. వాళ్ళకు పదిమంది పిల్లలు, ఈయన పెద్దవాడు. ఎనిమిదేళ్ళప్పుడు చదువు కోసం ఓడ ఎక్కించి ఇంగ్లాండుకు పంపినారు. అక్కడ చిన్నాన్న, చిన్నమ్మ వరసవాళ్ళ దగ్గర పెరిగినాడు. మనలో చానామంది ఐదో తరగతిలోనే ట్రంకు పెట్టె ఎత్తుకొని హాస్టలుకు వచ్చినాము. మనకు పండగకైనా ఇంటికి పోయే దారి ఉంది. ఆయనకు అమ్మానాయనా సముద్రాలకు అవతల ఉన్నారు.

రాస్‌కు బొమ్మలు వేయడం, పద్యాలు రాయడం, సంగీతం, లెక్కలు ఇష్టం. డాక్టరు కావాలని ఆయనకు లేదు. నాయన పట్టు పట్టినందువల్ల 1874లో లండనులో సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రి కాలేజీలో చేరినాడు. అక్కడ కూడా మనసుపెట్టి చదవలేదు. 1879లో ఒక పరీక్ష పాసయి ఇంకొకటి ఫెయిలయినాడు. కొన్నాళ్ళు ఓడలో డాక్టరుగా పనిచేసి, మళ్ళీ చదివి, 1881లో ఆ పరీక్ష కూడా గట్టెక్కి, ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసుకు వచ్చినాడు. ఆ కాలంలో మన కడప జిల్లా కూడా మద్రాసు రాజధానిలోనే ఉండేది.

సైన్యంలో డాక్టరు పని పొద్దున కొంచెంసేపే. మిగతా పొద్దంతా ఆయన నవలలు రాసుకొనేవాడు, లెక్కలు చేసుకొనేవాడు. ఆయన రాసిన నవల 1889లో అచ్చయింది కూడా. ఇట్లాంటి మనిషి దోమల వెంట పడతాడని ఆయన స్నేహితులు కూడా అనుకొని ఉండరు.

అయితే 1883లో బెంగుళూరులో ఒక చిన్న సంగతి జరిగింది. ఆయన ఉన్న బంగళాలో దోమలు విపరీతం. పక్క గదుల్లో అంత లేవు. కారణం వెతికితే, కిటికీ బయట ఒక నీళ్ళ తొట్టి ఉంది, దాని నిండా దోమపిల్లలు. ఆ తొట్టిని బోర్లించేసినాడు. దోమలు తగ్గిపోయినాయి. మిగతా తొట్లు కూడా ఇట్లే చేద్దామని పై అధికారిని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. దోమలు దేవుడు పుట్టించినవి, వాటి జోలికి ఎందుకు అన్న ధోరణిలో పంపించేసినాడట. అప్పటికి దోమకు జరానికి సంబంధం ఉందని రాస్‌కు కూడా తెలియదు. కుట్టకుండా ఉంటే చాలు అనుకొన్నాడు, అంతే.

ఆ కాలంలో మలేరియా ఎట్ల వస్తుందని అనుకొనేవారంటే, బురద నేలల నుంచి లేచే చెడుగాలి వల్ల వస్తుందని. మలేరియా అనే మాటకే ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థం. మన పల్లెల్లో కూడా పిల్లకు జరం వస్తే గాలి సోకింది అంటారు కదా. అంత దూరం దేశంవాళ్ళు, మనవాళ్ళు ఒకేమాట అనుకోవడం నాకు వింతగా ఉంది. బురద దగ్గర ఉన్నవాళ్ళకే జరం ఎక్కువ వస్తుంది అనే సంగతి మాత్రం ఇద్దరూ సరిగ్గానే చూసినారు. ఆ బురదలో ఏముందో చూడలేదు.

1880లో అల్జీరియా దేశంలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక డాక్టరు, జరంతో ఉన్న సిపాయి రక్తంలో కదిలే చిన్న క్రిమిని చూసినాడు. అదే మలేరియా క్రిమి. కానీ ఒకరి రక్తంలో నుంచి ఇంకొకరి రక్తంలోకి అది ఎట్ల పోతుంది? ఎవరికీ తెలియదు. అంతకు ముందే 1877లో చైనాలోని అమోయ్ అనే రేవులో ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు, బోదకాలు తెచ్చే సన్నపురుగులు మనిషి రక్తంలో నుంచి దోమలోకి పోయి అక్కడ పెరుగుతాయని కనిపెట్టినాడు. మలేరియా కూడా ఇట్లే దోమలోకి పోతుందేమో అని ఆయన అనుమానం.

1894లో రాస్ సెలవు మీద లండను పోయినప్పుడు మాన్సన్‌ను కలిసినాడు. మాన్సన్ ఆయనకు సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని చూపించి, తన అనుమానం చెప్పినాడు. అంతకు ముందు రాస్ ఆ క్రిమి ఉందంటేనే నమ్మలేదు. చూసినాక నమ్మినాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏడేళ్ళు. ఇంక అప్పటి నుంచి నవలలు పక్కకు పోయినాయి.

1895లో సికింద్రాబాదుకు వచ్చి, బేగంపేటలో పటాలం ఆసుపత్రిలో పని మొదలుపెట్టినాడు. పని ఏమంటే, మలేరియా జరంతో ఉన్న మనిషిని దోమతెరలో పడుకోబెట్టాలి. సీసాలో పుట్టిన దోమలను లోపలికి వదలాలి. అవి కుట్టినాక పట్టుకొని, గాజుపలక మీద పెట్టి, సూదులతో చీల్చి, కడుపు బయటికి తీసి సూక్ష్మదర్శినిలో వెతకాలి. సీసాలో పుట్టిన దోమలే ఎందుకంటే, బయట పట్టుకొన్న దోమ అంతకు ముందు ఎవరిని కుట్టిందో తెలియదు కదా. ఈ తెలివి నాకు చానా నచ్చింది.

అబ్దుల్ కాదిర్ అనే రోగి మొదట్లో ఆయనకు సాయపడినాడు. దోమ కుట్టించుకొన్నందుకు డబ్బులు ఇచ్చేవాడు. లచ్చుమన్ అనే ఇంకొకతనికి, దోమలు చచ్చిపడిన నీళ్ళు తాపించినాడు. దోమ ఒకసారి కుట్టి నీళ్ళలో పడి చస్తుందని, ఆ నీళ్ళు తాగితే మలేరియా వస్తుందని మాన్సన్ అనుకొనేవాడు. లచ్చుమన్‌కు జరం వచ్చింది కూడా. కానీ తర్వాత వేరేవాళ్ళకు తాపిస్తే రాలేదు. కాబట్టి నీళ్ళ సంగతి నిలబడలేదు. ఇప్పుడు ఇట్లాంటి పరీక్ష మనుషుల మీద చేయనివ్వరు. డబ్బులు ఇచ్చినాడు, వాళ్ళు ఒప్పుకొన్నారు అని అంటారు. కూలి లేని మనిషి ఒప్పుకోవడం, ఉన్నవాడు ఒప్పుకోవడం ఒకటి కాదని నేను అనుకొంటున్నాను.

మధ్యలో బెంగుళూరులో కలరా వస్తే అక్కడికి పంపినారు. తర్వాత 1897లో ఊటీ దగ్గర సీగూరు కనుమలో మలేరియా ఎక్కువ ఉందని చూడటానికి పోతే, ఆయనకే మలేరియా వచ్చింది. అయినా అక్కడ ఒక కొత్త దోమ ఆయన కంటబడింది, రెక్కల మీద మచ్చలు ఉన్నది. దాన్ని మనసులో పెట్టుకొని మళ్ళీ సికింద్రాబాదు వచ్చినాడు.

అప్పటిదాకా ఆయన కోసిన దోమలు రెండు రకాలు. ఒకటి బూడిద రంగు దోమ. రెండోది ఒంటి మీద నలుపు తెలుపు చారలు ఉండే దోమ. ఆ రెండింటినీ రెండేళ్ళు వందల కొద్దీ కోసినాడు. ఒక్కదాంట్లో కూడా ఏమీ దొరకలేదు.

ఆ ఎండాకాలం, వానాకాలం మధ్య ఆయన పడిన కష్టం చదివితే జాలి వేస్తుంది. గదిలో ఉక్క. పంకా లాగించుకొందామంటే గాలికి కోసిన దోమ ఎగిరిపోతుంది, కాబట్టి పంకా వద్దనుకొన్నాడు. నుదుటి చెమట, చేతుల చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టినాయి. మిగిలిన ఒక్క కంటిగాజు కూడా పగులు పట్టింది. చిన్నచిన్న ఈగలు కళ్ళలో చెవుల్లో దూరేవి. ఒక్కో దోమకు చానాసేపు పట్టేది. సాయంత్రానికి కళ్ళు కనిపించేవి కావు.

ఆగస్టు నెల నడుమ ఒక సంగతి జరిగింది. ఆసుపత్రి అసిస్టెంటు ఒకతను గోడ మీద కూర్చున్న చిన్న దోమను చూపించినాడు. మామూలు దోమ గోడకు సమానంగా, గూనిగా కూర్చుంటుంది. ఇది తోక పైకి లేపి, తల కిందికి వంచి, ముల్లు గుచ్చినట్టు కూర్చుంది. అదే మచ్చల రెక్కల జాతి. ఇప్పుడు మనం అనాఫిలిస్ అంటాము. రాస్ పెద్ద చదువులు చదివినాడు, కానీ ఆ దోమ కూర్చునే తీరు కనిపెట్టింది ఆ అసిస్టెంటు కళ్ళు. మా తాత కూడా పిట్ట కొమ్మ మీద వాలిన తీరు చూసి, రంగు కనిపించకముందే ఏ పిట్టో చెప్పేస్తాడు. అది కూడా చదువే. ఆ అసిస్టెంటు పేరు రాద్దామంటే కుదరదు. రాస్ 1923లో తన జీవిత కథ పెద్ద పుస్తకంగా రాసినప్పుడు, ఆ మనిషి పేరు తాను మరిచిపోయినానని, అందుకు విచారిస్తున్నానని రాసినాడు. లండనులో ఉన్న మాన్సన్‌కు రాసిన ఉత్తరాలన్నీ దాచుకొన్నాడు గానీ, పక్కన నిలబడి పనిచేసిన మనిషి పేరు ఒక చీటీ మీద రాసుకోలేదు.

ఆ రోజుల్లోనే పనివాళ్ళు ఒక సీసాలో నీళ్ళు తెచ్చినారు. అందులోని పిల్లలు పెరిగి గోధుమరంగు, మచ్చల రెక్కల దోమలయినాయి. 1897 ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటి చేత కుట్టించినాడు. దోమకు ఒక అణా లెక్కన ఇచ్చినాడు. పది దోమలు కుట్టినాయి, పది అణాలు వచ్చినాయి. రూపాయికి పదహారు అణాలు. అంటే ప్రపంచంలో అంత పెద్ద సంగతి తెలియడానికి హుసేన్ ఖాన్‌కు ముట్టింది రూపాయి కన్నా తక్కువ.

ఆ పదిలో కొన్నింటిని వెంటనే కోసినాడు, కొన్ని చచ్చిపోయినాయి. చివరికి ఒకటి రెండు మిగిలినాయి. ఆగస్టు 20 మధ్యాహ్నం ఒకదాన్ని కోసినాడు. ఒళ్ళంతా వెతికినాడు, ఏమీ లేదు. కడుపు గోడ మాత్రం మిగిలింది. అప్పటికే అలిసిపోయినాడు, వదిలేద్దామా అనిపించింది. అయినా చూసినాడు. ఆ గోడలో గుండ్రంగా ఒక కణం. అందులో నల్లటి చుక్కలు. ఆ నల్లటి రంగు మలేరియా క్రిమిలో ఉండే రంగే, దోమకు అది ఉండదు. మరుసటి రోజు ఇంకొక దోమను కోస్తే అవే కణాలు ఇంకా పెద్దగా ఉన్నాయి. అంటే అవి దోమ లోపల పెరుగుతున్నాయి! ఆ కణం ఎంత ఉంటుందంటే, మన స్కేలు మీద ఒక మిల్లీమీటరులో అట్లాంటివి ఎనభై వరసగా పట్టేంత. ఆగస్టు 20వ తేదీని అందుకే ప్రపంచ దోమల దినం అంటారు.

ఇంత కనిపెట్టినాక ఏం జరగాలి? ఇంకా బాగా చేయమని దోమలు, రోగులు ఉన్నచోట ఉంచాలి. కానీ సెప్టెంబరులో ఆయనకు బదిలీ వచ్చింది. రాజపుటానాలో ఖేర్వారా అనే చోటికి పంపినారు. అక్కడ మలేరియా రోగులే సరిగా లేరు. నెలల తరబడి చేతులు కట్టుకొని కూర్చున్నాడు. ఉద్యోగం వదిలేస్తానని కూడా బెదిరించినాడు. మాన్సన్ లండనులో చెప్పి చెప్పి, 1898 మొదట్లో కలకత్తాకు మార్పించినాడు.

కలకత్తాలో ఇంకొక చిక్కు. ఊళ్ళో ప్లేగు భయం. డాక్టరు సూది చేత పడితే జనం పారిపోతున్నారు, రక్తం చుక్క ఇవ్వమంటే ఎవరూ ఇవ్వరు. అప్పుడు ఆయన పిట్టల మీద పడినాడు. పిచ్చుకలకు, భరతపక్షులకు కూడా ఒక రకం మలేరియా వస్తుంది. మహమ్మద్ బక్స్ అనే సహాయకుడు పిట్టలను, దోమలను పట్టి ఇచ్చేవాడు, రాత్రిళ్ళు పంజరాల దగ్గర పడుకొనేవాడు. పిట్టలను పట్టే పని తెలిసినవాళ్ళకు అది ఎంత ఓపిక పనో తెలుస్తుంది. 1898 జూలైలో రాస్ దారి మొత్తం చూసినాడు. క్రిమి దోమ కడుపు గోడలో పెరుగుతుంది, పగులుతుంది, సన్నటి దారాల్లాంటి పిల్లలు వేల కొద్దీ ఒళ్ళంతా తిరిగి, దోమ ఎంగిలి తయారయ్యే గ్రంథిలోకి చేరుతాయి. దోమ కుట్టేటప్పుడు ముందు ఎంగిలి మనలోకి వదులుతుంది, తర్వాత రక్తం తాగుతుంది. ఆ ఎంగిలితోనే జబ్బు వస్తుంది. జబ్బు దోమల చేత మంచి పిచ్చుకలను కుట్టిస్తే వాటికి మలేరియా వచ్చింది. నీళ్ళు తాగితే కాదు, గాలి పీలిస్తే కాదు, కాటుతోనే అని తేలిపోయింది.

ఇప్పుడు ఆ పక్కన పెట్టిన రెండు దోమల సంగతి చెప్తాను.

చారల దోమ పేరు ఏడిస్. దాన్నే పులిదోమ అంటారు. 1881లోనే క్యూబా దేశంలో కార్లోస్ ఫిన్లే అనే డాక్టరు, పచ్చజరం ఈ దోమ వల్ల వస్తుందని చెప్పినాడు. ఇరవై ఏళ్ళు ఎవరూ నమ్మలేదు. 1900లో వాల్టర్ రీడ్ అనే అమెరికా సైనిక డాక్టరు, ఆయన తోటివాళ్ళు అదే క్యూబాలో రుజువు చేసినారు. 1906లో ఆస్ట్రేలియాలో బాంక్రాఫ్ట్ అనే డాక్టరు డెంగ్యూ కూడా ఈ దోమ వల్లే అని చూపించినాడు. కానీ ఆ దోమలో వాళ్ళకు ఏ క్రిమీ కనిపించలేదు. ఎందుకంటే అవి వైరస్‌లు. రాస్ చూసిన కణాలు మిల్లీమీటరులో ఎనభై పడితే, డెంగ్యూ వైరస్‌లు ఇరవై వేలు పడతాయి. రాస్ దగ్గర ఉన్న సూక్ష్మదర్శినితో వంద ఏళ్ళు చూసినా కనిపించదు. సికింద్రాబాదులో ఆయన కోసిన చారల దోమల్లో మలేరియా లేదు, అది నిజమే. వేరే ఏమైనా ఉంటే కూడా ఆయనకు తెలిసే దారి లేదు. పచ్చజరం వైరస్‌ను 1927లో, డెంగ్యూ వైరస్‌ను 1943లో జపానులో విడదీసినారు. తర్వాత ఏడాదే రాస్ పిచ్చుకలతో పనిచేసిన ఆ కలకత్తాలోనే సైనికుల రక్తంలో కూడా డెంగ్యూ వైరస్ దొరికింది.

దారి మాత్రం రాస్ చూపించిన దారే. వైరస్ దోమ కడుపులోకి పోతుంది, అక్కడ పెరుగుతుంది, ఎనిమిది పది రోజులకు ఎంగిలి గ్రంథిలోకి వస్తుంది. ఇంక ఆ దోమ బతికినన్నాళ్ళూ ఎవరిని కుట్టినా అంటిస్తుంది.

చికున్ గున్యా వైరస్‌ను 1952లో ఆఫ్రికాలో, ఇప్పటి టాంజానియా దేశంలో మొదట గుర్తుపట్టినారు. అక్కడి మకొండె భాషలో ఆ మాటకు వంగిపోయినది అని అర్థం. మన దేశంలోకి 1963లో కలకత్తాకు వచ్చి, తర్వాత సద్దుమణిగి, 2005 చివర్లో మళ్ళీ లేచింది. ఈసారి మొదలయింది మన ఆంధ్రప్రదేశ్‌లోనే, కడప, అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాలు కూడా అందులో ఉన్నాయి. 2006లో దేశం మొత్తం మీద దాదాపు 14 లక్షల మందికి వచ్చిందని లెక్క. నేను అప్పటికి పుట్టలేదు. మా అవ్వకు వచ్చింది. కింద కూర్చుంటే లేవలేదు, చెంబు పట్టుకోలేదు, కొడవలి పట్టుకోలేదు. జరం నాలుగు రోజుల్లో పోయింది, కీళ్ళ నొప్పులు మాత్రం నెలలు ఉన్నాయి. ఆ కారుకు కలుపు కూలికి పోలేదు. ఇంట్లో కూలి లేకపోతే ఏమవుతుందో ఇక్కడ చదివేవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. ఆఫ్రికాలో ఎవరో పెట్టిన ఆ పేరు మా అవ్వకు సరిగ్గా సరిపోయింది.

బూడిద రంగు దోమ పేరు క్యూలెక్స్. ఇది బోదకాలు పురుగును మోస్తుంది. ఈ జాతిలోనే వరి మడుల్లో పెరిగేవి మెదడువాపు వైరస్‌ను మోస్తాయి. ఆ వైరస్ కొంగల్లో, పందుల్లో ఉంటుంది, అక్కడి నుంచి దోమ మనుషులకు తెస్తుంది. 1999లో మన రాష్ట్రంలో ఇది చానామంది చిన్నపిల్లలను పొట్టన పెట్టుకొంది. మన మైదుకూరు చుట్టూ కె.సి. కెనాల్ కింద వరి ఎంత ఉందో మీకు తెలుసు. దీనికి టీకా ఉంది.

దోమలే కాదు, పిడుదులు కూడా వైరస్ మోస్తాయి. 1957లో కర్ణాటకలో షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు గుంపులుగా చచ్చిపోయినాయి, తర్వాత అడవికి పోయినవాళ్ళకు రక్తం కారే జరం వచ్చింది. అది పిడుదుల వల్ల. కాబట్టి అడవిలో కోతి చచ్చిపడి ఉంటే దగ్గరికి పోకూడదు.

ఒక తేడా మనం తెలుసుకోవాలి. మలేరియాకు మందులు ఉన్నాయి, రక్తపరీక్ష చేసి మాత్రలు పూర్తిగా మింగితే తగ్గుతుంది. డెంగ్యూ, చికున్ గున్యా వైరస్‌లను చంపే మందు లేదు. జరానికి పారాసిటమాల్, నీళ్ళు, విశ్రాంతి. వేరే నొప్పి మాత్రలు డాక్టరు చెప్పకుండా మింగితే డెంగ్యూలో రక్తం కారే ప్రమాదం ఉంది. జరం తగ్గినాక కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ళలో రక్తం వస్తే అప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. తగ్గిపోయిందిలే అని ఆటకు పోకూడదు. ఇంకొకటి, మలేరియా దోమ రాత్రి కుడుతుంది, దోమతెర చాలు. పులిదోమ పగలు కుడుతుంది, పొద్దున, సాయంత్రం ఎక్కువ. అంటే మనం తరగతిలో కూర్చున్నప్పుడు, స్టడీ అవర్లో. పగలు తరగతిలో దోమతెర కట్టుకోలేము కదా. కాబట్టి బెంగుళూరులో రాస్ చేసిన పనే మనకు దిక్కు, తొట్టి బోర్లించడం. పులిదోమ మురికి కాలువలో గుడ్లు పెట్టదు, మంచి నీళ్ళలోనే పెడుతుంది. డ్రమ్ములు, పాత టైర్లు, టెంకాయ చిప్పలు, విరిగిన బకెట్లు. గుడ్లు తొట్టి అంచుకు అతుక్కొని నెలలు ఎండిపోయి కూడా బతుకుతాయి, మళ్ళీ నీళ్ళు పోస్తే లేస్తాయి. అందుకే నీళ్ళు పారబోస్తే చాలదు, పీచుతో రుద్దాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు. శుక్రవారం డ్రై డే అని పెట్టింది ఆ లెక్క మీదనే. మన హాస్టలులో బాత్రూముల వెనక ఉన్న పాత డ్రమ్ము సంగతి వార్డెన్ మేడం గారి దృష్టికి ఈ పత్రిక ద్వారా తెస్తున్నాను.

మళ్ళీ రాస్ దగ్గరికి వస్తాను. 1899లో ఆయన ఇండియా వదిలి ఇంగ్లాండులో లివర్‌పూల్ ఉష్ణమండల వ్యాధుల పాఠశాలలో చేరినాడు. ఆఫ్రికాలో సియెర్రా లియోన్‌కు పోయి అక్కడ కూడా అనాఫిలిస్ దోమలనే పట్టుకొన్నాడు. 1902లో ఈజిప్టులో సూయజ్ కాలువ మీద ఉన్న ఇస్మాయిలియా ఊరికి పోయి నీటి గుంటలు పూడ్పించే ఏర్పాటు చెప్పినాడు. కొద్ది కాలంలోనే ఆ ఊళ్ళో మలేరియా బాగా తగ్గింది.

అదే 1902లో ఆయనకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. అది ఇచ్చిన రెండో ఏడాదే. బ్రిటన్‌కు మొదటి నోబెల్ అది. ఇటలీలో గ్రాస్సీ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 1898 చివర్లో మనుషుల మలేరియా అనాఫిలిస్ దోమలో పూర్తిగా పెరగడం చూపించినారు. ఎవరు ముందు అని రాస్‌కు గ్రాస్సీకి పెద్ద తగాదా. ఆ తగాదా రాస్ బతికినన్నాళ్ళూ వదల్లేదు. చివరికి గురువు లాంటి మాన్సన్‌తో కూడా మనసు చెడింది. తనకు సర్కారు డబ్బులు సరిగా ఇవ్వలేదని కూడా ఎప్పుడూ అనేవాడు. ఇంత పట్టుదల ఉన్న మనిషికి కొంచెం ఓర్పు కూడా ఉంటే బాగుండేది అనిపిస్తుంది. కానీ ఓర్పు ఉన్న మనిషి అయితే ఖేర్వారాలోనే గమ్మున ఉండిపోయేవాడేమో.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆయన లెక్కలు. ఊళ్ళో దోమలన్నీ చంపడం ఎవరి వల్లా కాదు, మరి ఏం లాభం అని చానామంది అడిగేవారు. రాస్ 1910లో రాసిన పుస్తకంలో లెక్క కట్టి చూపించినాడు. అన్నీ చంపనక్కరలేదు. దోమల సంఖ్య ఒక హద్దు కన్నా తక్కువైతే, ఒక రోగి నుంచి ఇంకొక రోగి కన్నా తక్కువ తయారవుతారు, జబ్బు దానంతట అదే ఆరిపోతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఒకరి నుంచి ఎంతమందికి అంటుకొంటుందని టీవీల్లో చెప్పినారు కదా, ఆ లెక్కలకు పునాది వేసినవాళ్ళలో రాస్ ఒకడు. లెక్కలు ఎందుకు పనికొస్తాయి అని అడిగే మా తరగతివాళ్ళు ఇది రెండుసార్లు చదవాలి.

1911లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన పెద్దకొడుకు లె కాతో అనే చోట చనిపోయినాడు. 1926లో లండనులో ఆయన పేరుతో రాస్ ఇన్‌స్టిట్యూట్, ఆసుపత్రి పెట్టినారు. 1927లో కలకత్తాలో ఆయన పనిచేసిన ఆసుపత్రి దగ్గర స్మారక ద్వారం కట్టినారు, అది ఇప్పటికీ ఉంది. 1928లో డబ్బు ఇబ్బంది వల్ల తన ఉత్తరాలు, కాగితాలు అమ్ముకొన్నాడు. 1931లో భార్య రోజా చనిపోయింది. తర్వాత ఏడాది, 1932 సెప్టెంబరు 16న, తన పేరున్న ఆ ఆసుపత్రిలోనే రాస్ కన్ను మూసినాడు. లండనులో పట్నీ వేల్ అనే చోట భార్య పక్కనే ఆయన సమాధి ఉంది.

హైదరాబాదులో ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళది, సర్ రొనాల్డ్ రాస్ పేరుతోనే ఉంది. ఈసారి విహారయాత్ర హైదరాబాదుకు పెడితే, జూపార్కు, చార్మినారుతో పాటు అది కూడా చూపించమని సార్లను అడుగుదాం. హుసేన్ ఖాన్ దోమతెరలో పడుకొన్నది అక్కడే.